కన్ను ముందుకు పొడుచుకురావడం: థైరాయిడ్, ఇతర కారణాలు

కనుగుడ్డు గూటిలో తన చోటు విడిచి ముందుకు జరగడాన్ని వైద్యులు ప్రాప్టోసిస్ అంటారు. ఇది తనంతట తాను ఒక జబ్బు కాదు, లోపలి జబ్బును బయటపెట్టే గుర్తు. పెద్దవాళ్లలో ఒక కన్ను ముందుకు వచ్చినా, రెండు కళ్లూ వచ్చినా, అన్నిటికంటే ఎక్కువగా కనిపించే కారణం థైరాయిడ్ కంటి వ్యాధి. పిల్లల్లో లెక్క మారుతుంది; అక్కడ ఇన్ఫెక్షన్లనూ కణితులనూ ముందు అనుమానించాలి.

కంటిగూడు చుట్టూ ఎముక గోడలున్న ఇరుకైన చోటు. పెద్దవాళ్లలో దాని పరిమాణం దాదాపు 30 మిల్లీలీటర్లు. కనుగుడ్డు, దాన్ని తిప్పే 6 కండరాలు, పై రెప్పను ఎత్తే కండరం, కొవ్వు, రక్తనాళాలు, కన్నీటి గ్రంథి, చూపును మెదడుకు చేర్చే దృష్టి నాడి అన్నీ అందులోనే సర్దుకోవాలి. లోపల ఏది ఉబ్బినా, కొత్తగా ఏది పెరిగినా ఎముక సాగదు. తెరిచి ఉన్న వైపు ముందువైపే కాబట్టి కనుగుడ్డు అటే జరుగుతుంది. అలా జరిగే వీలు కూడా లేనప్పుడు ఒత్తిడంతా వెనకనున్న దృష్టి నాడి మీద పడుతుంది. అందుకే పెద్దగా ఉబ్బని కంటిలోనూ చూపు పోయే ప్రమాదం ఉండొచ్చు.

నిజంగా ముందుకు వచ్చిందా?

ఏ మనిషి ముఖమూ రెండు వైపులా అచ్చంగా ఒకేలా ఉండదు. పుట్టుకతోనే ఒక కన్ను కాస్త పెద్దగా, ఒక రెప్ప కాస్త కిందికి ఉండేవాళ్లు ఎందరో ఉన్నారు. హ్రస్వదృష్టి బాగా ఎక్కువైన కంటిలో కనుగుడ్డే పొడవుగా ఉంటుంది కాబట్టి ఆ కన్ను పొడుచుకొచ్చినట్టు కనిపిస్తుంది. ఒక రెప్ప వాలిపోయినప్పుడు దాన్ని ఎత్తడానికి మెదడు పంపే ఆదేశం రెండు రెప్పలకూ సమానంగా అందుతుంది, దాంతో రెండో కన్ను విప్పారుతుంది. అప్పుడు జబ్బున్నది చిన్నగా కనిపించే కంటిలో. దెబ్బ తగిలి గూటి అడుగు ఎముక విరిగితే ఆ కన్ను లోపలికి పోయి, బాగున్న కన్ను ఉబ్బినట్టు అనిపిస్తుంది. థైరాయిడ్ హార్మోను తక్కువైనవాళ్లకు కళ్ల చుట్టూ వచ్చే ఉబ్బు కూడా వేరే సంగతి. అక్కడ ఉబ్బింది రెప్పల చర్మం, కనుగుడ్డు కదలలేదు.

ఈ తేడా తేల్చుకోవడానికి ఇంట్లో ఉండే మంచి ఆధారం పాత ఫొటోలు. పదేళ్ల కిందటి పెళ్లి ఫొటోలోనూ అదే తేడా ఉంటే సాధారణంగా భయపడాల్సింది ఉండదు. కొన్ని వారాల్లోనో నెలల్లోనో వచ్చిన తేడా అయితే డాక్టరు చూడాల్సిందే. కంటి ఆసుపత్రిలో హెర్టెల్ ఎక్సాఫ్తాల్మోమీటర్ అనే పరికరంతో గూటి బయటి అంచు ఎముక నుంచి కనుగుడ్డు ఎంత ముందుకు ఉందో మిల్లీమీటర్లలో కొలుస్తారు. మామూలు కొలత ఒక్కో జాతి వాళ్లలో ఒక్కోలా ఉంటుంది. రెండు కళ్ల మధ్య తేడా 2 మిల్లీమీటర్లు దాటితే మాత్రం కారణం వెతకాలి.

థైరాయిడ్ కంటి వ్యాధి

మెడలోని థైరాయిడ్ గ్రంథికీ కంటికీ పొత్తేమిటన్నది వైద్యులను వందేళ్లకు పైగా వేధించింది. డబ్లిన్ వైద్యుడు రాబర్ట్ గ్రేవ్స్ 1835లోనూ, జర్మనీలోని మెర్సెబర్గ్‌లో పనిచేసిన కార్ల్ ఫన్ బాసెడో 1840లోనూ గుండెదడ, మెడవాపు, ఉబ్బిన కళ్లు ఒకే రోగిలో కలిసి ఉండటాన్ని వర్ణించారు. ఇంగ్లండులోని బాత్ నగర వైద్యుడు కేలబ్ ప్యారీ వాళ్ల కంటే ముందే దీన్ని గమనించాడు గానీ, ఆయన రాతలు చనిపోయాక 1825లో అచ్చయ్యాయి. 1956లో న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో ఆడమ్స్, పర్వ్స్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ రోగుల రక్తంలో థైరాయిడ్‌ను చాలాసేపు ఉత్తేజపరిచే పదార్థం ఒకటుందని కనుక్కున్నారు. అది యాంటీబాడీ అని తర్వాత తేలింది.

మెదడు కింది పిట్యూటరీ గ్రంథి నుంచి వచ్చే టీఎస్‌హెచ్ అనే హార్మోను థైరాయిడ్ కణాల మీది గ్రాహకాలకు అతుక్కుని వాటితో పనిచేయిస్తుంది. ఆ వైద్యుడి పేరుతో పిలిచే గ్రేవ్స్ వ్యాధిలో శరీర రక్షణ వ్యవస్థ పొరబడి, అదే గ్రాహకాలకు అతుక్కునే యాంటీబాడీలను తయారుచేస్తుంది. అడ్డూ అదుపూ లేకుండా థైరాయిడ్ హార్మోను తయారవుతుంది: బరువు తగ్గడం, చేతులు వణకడం, చెమటలు, నిద్ర పట్టకపోవడం, గుండెదడ. అవే గ్రాహకాలు కంటిగూటిలోని ఫైబ్రోబ్లాస్టు కణాల మీదా ఉన్నాయి. రెచ్చిపోయిన ఆ కణాలు నీటిని పట్టి ఉంచే హయలురోనిక్ ఆమ్లాన్ని విపరీతంగా విడుదల చేస్తాయి, వాటిలో కొన్ని కొవ్వు కణాలుగా మారతాయి. కండరాలు ఉబ్బి, కొవ్వు పెరిగి గూడు నిండిపోతుంది.

అంటే ఈ కంటి జబ్బు హార్మోను ఎక్కువైనందువల్ల వచ్చేది కాదు. గ్రంథి మీదా కంటి మీదా ఒకే దాడి జరుగుతోంది. ఈ ఒక్క విషయం రోగులకు సరిగా చెప్పకపోవడం వల్ల జరుగుతున్న నష్టం చిన్నది కాదు. మందులతో టీఎస్‌హెచ్ నార్మల్‌కు వచ్చాక కూడా కళ్లు ఇంకా ఉబ్బుతుంటే, రిపోర్టు బాగుంది కదా అని నెలల తరబడి ఊరుకునేవాళ్లు ఉన్నారు. కొందరిలో కంటి లక్షణాలు థైరాయిడ్ లక్షణాల కంటే ముందే మొదలవుతాయి. కొద్దిమందిలో హార్మోన్లు ఎప్పుడూ మామూలుగానే ఉంటాయి, లేదా హషిమోటో అనే మరో థైరాయిడ్ వ్యాధితో తక్కువగా ఉంటాయి. పై రెప్ప పైకి లాక్కుపోయి గుడ్లురిమి చూస్తున్నట్టు ఉండటంలో మాత్రం హార్మోను పాత్ర కొంత ఉంది. మందులు పనిచేసిన కొద్దీ అది కొంత దిగుతుంది. జరిగిన కనుగుడ్డు అలా వెనక్కి రాదు.

ఇదే కారణం చేత మెడవాపు ఉన్న ప్రతివాళ్లకూ కళ్లు ఉబ్బవు. శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన వులిమిరి రామలింగస్వామి హిమాచల్‌లోని కాంగ్రా లోయలో 1956 నుంచి అయోడిన్ ఉప్పుతో అధ్యయనం చేసి నివారించవచ్చని చూపిన గాయిటర్ (మెడవాపు) అయోడిన్ లోపం వల్ల వచ్చేది. అది రక్షణ వ్యవస్థ చేసే దాడి కాదు, దానికి కంటితో సంబంధం లేదు.

గ్రేవ్స్ వ్యాధి ఆడవాళ్లలో చాలా ఎక్కువ. కంటి జబ్బు తీవ్రంగా వచ్చేది మాత్రం మగవాళ్లలో, వయసు పైబడినవాళ్లలో ఎక్కువ. మనం తప్పించుకోగల ముప్పు పొగతాగడం. అది జబ్బు వచ్చే అవకాశాన్ని పెంచుతుంది, తీవ్రతను పెంచుతుంది, చికిత్స పనిచేయకుండా అడ్డుపడుతుంది. ఈ రోగికి సిగరెట్, బీడీ, చుట్ట మానడం ఏ మాత్రకూ తీసిపోని మందు.

మొదటి లక్షణాలు తేలిగ్గా కనిపిస్తాయి: కంట్లో ఇసుక పడ్డట్టు గరగర, నీళ్లు కారడం, వెలుతురు భరించలేకపోవడం, పొద్దున లేచేసరికి రెప్పల వాపు. కళ్లకలక అనుకుని చుక్కల మందు మారుస్తూ పోవడం ఇక్కడే జరుగుతుంది. కళ్లు రెండూ ఒకేసారి, ఒకే కొలతలో ఉబ్బాలని లేదు. కండరాల్లో తరచుగా ముందు బిగుసుకునేది గుడ్డు కింది కండరం, అందువల్ల పైకి చూస్తే ఒక వస్తువు రెండుగా కనిపిస్తుంది. నిద్రలో రెప్పలు పూర్తిగా మూసుకోకపోతే నల్లగుడ్డు ఎండి పుండు పడుతుంది. దృష్టి నాడి నలిగితే రంగులు వెలవెలబోతాయి, ముఖ్యంగా ఎరుపు.

ఫ్రాన్సిస్ రండల్ అనే ఆస్ట్రేలియా సర్జన్ 1940ల్లో ఈ జబ్బు నడకను గీత గీసి చూపాడు. వాపు కొన్ని నెలలు పెరుగుతుంది, తర్వాత కొంత దిగుతుంది, ఆపైన కదలకుండా నిలిచిపోతుంది. ఈ చురుకైన దశ సాధారణంగా 6 నెలల నుంచి 2 ఏళ్ల దాకా ఉంటుంది. వాపును అణిచే మందులు ఎక్కువగా పనిచేసేది ఆ దశలోనే; ఆపరేషన్లు సాధారణంగా అది గడిచాక.

ఇతర కారణాలు

పిల్లవాడికి జలుబు, సైనస్ ఇన్ఫెక్షన్ తర్వాత జ్వరంతో ఒక కన్ను ఎర్రగా ఉబ్బి, కదిలిస్తే నొప్పి పుడుతుంటే అది గూటికి చీము పట్టే ఆర్బిటల్ సెల్యులైటిస్ కావచ్చు. గంటల్లో ఆసుపత్రిలో చేర్చాలి. పెద్దవాళ్లలో, ముఖ్యంగా షుగర్ అదుపులో లేనివాళ్లలో, మ్యూకర్‌మైకోసిస్ అనే ఫంగస్ జబ్బు ఇలాగే ముక్కు పక్క గదుల నుంచి కంటికి పాకుతుంది. 2021 వేసవిలో కోవిడ్ తర్వాత ఈ బ్లాక్ ఫంగస్ మన రెండు రాష్ట్రాల్లోనూ విరుచుకుపడింది. హైదరాబాద్‌లో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి ఆ రోగులకు ప్రధాన కేంద్రమైంది. ఎందరో ప్రాణం కోసం కన్ను వదులుకోవాల్సి వచ్చింది.

తలకు దెబ్బ తగిలిన కొన్నాళ్లకు కన్ను ఎర్రబడి, నాడితో పాటు కొట్టుకుంటూ, తలలో గుయ్‌మని చప్పుడు వినిపిస్తుంటే మెదడు అడుగున ధమని, సిర కలిసిపోయాయని అనుమానించాలి. వంగినప్పుడు మాత్రమే ఉబ్బి, లేచి నిలబడితే తగ్గే కన్ను గూటిలోని సిరల లోపాన్ని చూపుతుంది. నొప్పి లేకుండా ఏళ్ల తరబడి మెల్లగా ముందుకు వచ్చేది కావెర్నస్ హీమాంజియోమా వంటి నిరపాయకరమైన గడ్డ కావచ్చు. లింఫోమా, కన్నీటి గ్రంథి కణితులు, ఇతర అవయవాల నుంచి పాకిన క్యాన్సర్ కూడా ఇలా బయటపడతాయి. పసిపిల్లల కంటిపాపలో తెల్లటి మెరుపు రెటీనోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్ గుర్తు కావచ్చు. ఆ దశలో పట్టుకుంటే ప్రాణమూ, చాలాసార్లు చూపూ దక్కుతాయి. కన్ను బయటికి పొడుచుకొచ్చే దాకా ఆగితే చాలా ఆలస్యమైనట్టే.

పరీక్షలు, చికిత్స

టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4, ఫ్రీ టీ3, టీఎస్‌హెచ్ గ్రాహక యాంటీబాడీ పరీక్షలతో మొదలుపెడతారు. జుట్టు కోసం వాడే బయోటిన్ మాత్రలు కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో ఫలితాలను తారుమారు చేసి, లేని గ్రేవ్స్ వ్యాధిని ఉన్నట్టు చూపించగలవు; వాడుతుంటే ముందే చెప్పాలి. సీటీ లేదా ఎంఆర్ఐ స్కాన్‌లో కండరం పొట్ట ఉబ్బి, దాన్ని గుడ్డుకు కలిపే స్నాయువు మామూలుగా ఉంటే అది థైరాయిడ్ వైపు చూపుతుంది.

హార్మోన్లను నిలకడగా అదుపులో ఉంచడం మొదటి పని. రేడియో అయోడిన్ చికిత్స కొందరిలో కంటి జబ్బును పెంచుతుంది కాబట్టి, అది తీసుకునే ముందు కంటి పరీక్ష, అవసరమైతే స్టెరాయిడ్ రక్షణ ఉండాలి. తేలికపాటి జబ్బుకు కృత్రిమ కన్నీళ్లు, రాత్రి ఆయింట్‌మెంటు, తలకింద ఎత్తు చాలు. సెలీనియం 6 నెలలు వాడితే తేలికపాటి జబ్బులో మేలు ఉందని 2011లో వెలువడిన యూరప్ అధ్యయనం చూపింది. డాక్టరు చెప్పకుండా కొనుక్కుని వాడేది కాదు. జబ్బు చురుగ్గా, ఒక మోస్తరు నుంచి తీవ్రంగా ఉంటే వారానికోసారి సెలైన్‌లో మిథైల్ ప్రెడ్నిసొలోన్ ఎక్కిస్తారు. 2020 జనవరిలో అమెరికా ఆమోదించిన టెప్రోటుముమాబ్ అనే మందు కనుగుడ్డును వెనక్కి తేగలిగింది. వినికిడి తగ్గడం, షుగర్ పెరగడం దానితో వచ్చే చిక్కులు. జబ్బు నిలిచిపోయాక ఆపరేషన్లకు ఒక వరస ఉంది: ముందు గూటి ఎముక తొలగించి చోటు కల్పించడం, తర్వాత మెల్లకన్ను సరిచేయడం, చివరికి రెప్పలు.

థైరాయిడ్ ఉన్నా లేకున్నా, చూపు మసకబారుతున్నా, ఎరుపు రంగు ఒక కంటికి వెలిసినట్టు కనిపిస్తున్నా, ఉన్నట్టుండి ఒకటి రెండుగా కనిపిస్తున్నా, నొప్పి, జ్వరంతో కన్ను ఉబ్బినా, రక్తపరీక్ష రిపోర్టు కోసం ఆగకండి. అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి.