పరిశోధన వనరుల వినియోగాన్ని కొలిచేదెలా? రాయ్‌పూర్ విశ్వవిద్యాలయాలు చూపే చిక్కులు

ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు అందే నిధులు, అధ్యాపకులు, ప్రయోగశాలలు ఏ మేరకు పరిశోధన ఫలితాలుగా మారుతున్నాయో లెక్కగట్టడమే పరిశోధన దక్షత కొలత. ఎక్కువ ఫలితం చూపడం వేరు, ఉన్న వనరులతో సాధ్యమైనంత సాధించడం వేరు.

ఇందుకు విరివిగా వాడే పద్ధతి ‘డేటా ఎన్వలప్‌మెంట్ అనాలిసిస్’. 1957లో ఫారెల్ వేసిన పునాదిపై 1978లో చార్న్స్, కూపర్, రోడ్స్ దీనిని రూపొందించారు. పదేసి మంది అధ్యాపకులున్న రెండు విభాగాల్లో ఒకటి 20, మరొకటి 15 పత్రాలు వెలువరిస్తే, మొదటిదానికి 1, రెండోదానికి 0.75 వస్తుంది. 1 వచ్చిన సంస్థ ఆ గుంపులో మెరుగైనదే తప్ప లోపరహితమైనది కాదు. పోల్చే సంస్థలు తక్కువై, లెక్కించే అంశాలు ఎక్కువైతే దాదాపు అన్నింటికీ 1 వచ్చేస్తుంది.

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌లో 1964లో ఏర్పడిన పండిత్ రవిశంకర్ శుక్ల విశ్వవిద్యాలయం, 1987 నాటి ఇందిరాగాంధీ కృషి విశ్వవిద్యాలయం రెండూ రాష్ట్ర సంస్థలే. మొదటిది బోధనతోపాటు అనుబంధ కళాశాలల పరీక్షల భారమూ మోస్తుంది. రెండోదానికి పంట రకాలు, రైతులకు విస్తరణ సేవలు ముఖ్యం. అధ్యాపకుల కాలమంతా పరిశోధన ఖాతాలో వేస్తే మొదటిదానికి అన్యాయం. పత్రాలనే లెక్కిస్తే రెండోదానికి అన్యాయం.

కృషి విశ్వవిద్యాలయం వద్ద వేలాది వరి రకాల విత్తన సంపద ఉంది. అందులో అధిక భాగం 1970వ దశకంలో శాస్త్రవేత్త ఆర్.హెచ్.రిఛారియా నాయకత్వంలో రైతుల నుంచి సేకరించినది. దీనిపై సింజెంటా కంపెనీతో తలపెట్టిన ఒప్పందం 2002లో ప్రజల నిరసనతో ఆగిపోయింది. అంతటి విలువైన నిధి దక్షత పట్టికలో మాత్రం ఖర్చుగానే కనిపిస్తుంది. విత్తనాలను మొలకెత్తే స్థితిలో కాపాడే వ్యయం ఏటా ఉంటుంది. వాటి నుంచి కొత్త వంగడం రావడానికి పదేళ్లు పట్టవచ్చు. ఏడాది ఖర్చును అదే ఏడాది పత్రాలతో పోలిస్తే ఆ నిధి వృథాగా తేలుతుంది. కాబట్టి కొన్నేళ్ల సగటు తీసుకోవడం, విడుదలైన వంగడాలను లెక్కలో చేర్చడం అవసరం.

జాతీయ ర్యాంకింగ్ విధానం (ఎన్‌ఐఆర్‌ఎఫ్) విశ్వవిద్యాలయాల విభాగంలో పరిశోధన, వృత్తిపర కృషికి 30 శాతం ప్రాధాన్యం ఇస్తుంది. 2023లో వ్యవసాయ సంస్థలకు ప్రత్యేక విభాగం తెచ్చారు. రాయ్‌పూర్ కృషి విశ్వవిద్యాలయాన్ని పక్కనున్న సాధారణ విశ్వవిద్యాలయంతో కాక, గుంటూరులోని ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వంటివాటితో పోల్చడమే సబబు.

ఖాళీ పోస్టులది మరో సమస్య. పనిచేస్తున్న అధ్యాపకులనే లెక్కిస్తే, నియామకాలు నిలిపివేసిన సంస్థకు తలసరి ఫలితం పెరిగినట్లు కనిపిస్తుంది. మంజూరైన పోస్టులను లెక్కిస్తే, ప్రభుత్వం భర్తీ చేయని కొలువులకు విశ్వవిద్యాలయం మార్కులు కోల్పోతుంది. అందుకే రెండు లెక్కలనూ పక్కపక్కనే ప్రకటించాలి.