ఫిల్టరు కాఫీ కథ

మన గుడిబండె చేలల్లో రాగులు, శెనక్కాయలు పండుతాయి గానీ కాఫీ పండదు. అయినా పొద్దున్నే కాఫీ తాగందే చాలామంది పెద్దవాళ్లకు పని సాగదు. ఈ అలవాటు మనకు ఎట్లా వచ్చింది?

17వ శతాబ్దంలో బాబా బుడన్ అనే సూఫీ సాధువు మక్కా యాత్రకు వెళ్లి, యెమెన్‌లోని మోఖా రేవు నుంచి ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటారని చెప్తారు. మొలకెత్తే గింజను అరబ్బులు బయటికి పోనిచ్చేవాళ్లు కాదట. ఆ కొండలకు ఇప్పటికీ ఆయన పేరే. హిందువులు, ముస్లింలు ఇద్దరూ అక్కడికి వెళ్తారు. 19వ శతాబ్దంలో ఆంగ్లేయులు పెద్ద తోటలు వేసి, పంటను ఓడల్లో పంపించారు.

కాఫీ ఊళ్లలోకి వచ్చినా అందరికీ ఒకే బల్ల దొరకలేదు. మద్రాసు హోటళ్లలో బ్రాహ్మణులకు వేరే చోటు ఉండేది. తర్వాత కాఫీ బోర్డు కాఫీ హౌసులు నడిపింది. 1950లలో వాటిని మూసేస్తే, పని పోయిన కార్మికులు ఎ.కె. గోపాలన్ అండతో సహకార సంఘాలు పెట్టుకొని తామే నడుపుకున్నారు. అందులో మొదటిది 1957లో మన బెంగళూరులోనే ఏర్పడింది.

ఇక ఇంట్లో మంచి కాఫీకి కావాల్సింది ఓపిక. పొడి మరీ మెత్తగా ఉండకూడదు. ఫిల్టరు పై గిన్నెలో పొడి వేసి, తేలిగ్గా అదిమి, మరిగించి దించిన నీళ్లు పోసి మూత పెట్టాలి. డికాక్షన్ చుక్కచుక్కగా దిగేదాకా కదిలించకూడదు. చిక్కని పాలు కలిపితే చాలు.

గింజ తెచ్చినవాళ్లు, తోటలో కోసినవాళ్లు, బల్ల దగ్గర అందించినవాళ్లు, అందరి కష్టమూ ఆ ఒక్క గ్లాసులో ఉంది.