టేజాన్ మేడ మీద జనరల్

జులై 20 వచ్చిందంటే పత్రికల్లో చందమామ ఉదయిస్తాడు. 1969లో ఆర్మ్‌స్ట్రాంగ్ కాలు మోపిన రోజు కదా, ఆదివారం అనుబంధాలవాళ్లం అందరం ఆ అడుగు చుట్టూ ప్రదక్షిణం చేస్తాం. సరిగ్గా అంతకు 19 ఏళ్ల ముందు, 1950లో అదే తేదీన, దక్షిణ కొరియాలోని టేజాన్ పట్టణంలో ఇంకో రాకెట్టు పేలింది. అది ఎగిరింది పట్టుమని పది గజాలు కూడా కాదు. రెండింటికీ మూలపురుషుడు మాత్రం ఒక్కడే, అమెరికా రాకెట్ శాస్త్రవేత్త రాబర్ట్ గొడార్డ్. చంద్రుడి దాకా వెళ్లినదాని గురించి రాసేవాళ్లకు కొదవ లేదు కనుక, ఈసారికి పది గజాలదాన్ని తలుచుకుందాం.

చైనావాళ్లు బాణాలకు మందు కట్టిన నాటి నుంచి, 1780లో పొల్లిలూరు దగ్గర మైసూరు సేనలు ఇనుప గొట్టాల రాకెట్లతో ఇంగ్లీషువాళ్లను హడలగొట్టేదాకా గడిచిన శతాబ్దాలను ఒక్క గెంతులో దాటేయొచ్చు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక ఆ గొట్టాలు ఇంగ్లండు చేరాయి. అక్కడ కాంగ్రీవ్ అనే ఆయన వాటికి మెరుగులు దిద్దాడు. తర్వాత ఫిరంగులు బాగుపడ్డాయి, రాకెట్లు మూలపడ్డాయి.

1916 సెప్టెంబరు 15న సోమ్ యుద్ధంలో ట్యాంకు రంగప్రవేశం చేసింది. కాలిబంటుకు కాళ్లు వణికాయి. 1918 నవంబరు 6న గొడార్డ్ గొట్టంలోంచి రాకెట్టు పేల్చి అమెరికా సైనికాధికారులకు చూపించాడు. గొట్టాన్ని ఆనించింది సంగీతం కాగితాలు పెట్టుకునే స్టాండు మీద! అయిదు రోజులకే యుద్ధం ముగిసింది, గొట్టం అటకెక్కింది. మళ్లీ దించింది 1942లో. స్కిన్నర్, ఊల్ అనే ఇద్దరు అధికారులు దానికి కొత్తరకం మందుగుండు జతచేసి బజూకా తయారుచేశారు.

ఆ మందుగుండు కిటుకు చిన్నదే. మందు ముఖాన గరాటులాంటి గుంట చేసి, లోపల లోహపు రేకు తొడుగుతారు. పేలగానే ఆ రేకు నలిగి, సన్నని ధారగా సెకనుకు ఏడెనిమిది కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతుంది. అది ఉక్కును కరిగిస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ ఒత్తిడికి ఉక్కే పక్కకు తప్పుకుంటుంది. కనుక రాకెట్టు ఎంత జోరుగా వచ్చిందన్న లెక్క లేదు. ఎక్కడ తగిలింది, ఏ కోణంలో తగిలింది అన్నదే లెక్క.

ఇక కొరియా. 1950 జూన్ 25న ఉత్తర కొరియా సేన సరిహద్దు దాటింది. ముందు నడిచినవి సోవియట్ టి-34 ట్యాంకులు. జులై 5న ఓసాన్ దగ్గర వాటిని ఆపడానికి అయిదు వందల పైచిలుకు అమెరికన్లు వానలో కాచుకుని కూర్చున్నారు. లెఫ్టినెంట్ ఓలీ కానర్ రోడ్డు పక్క కాలవలోకి దిగి, పదిహేను గజాల దూరం నుంచి, కవచం పలచగా ఉండే వెనక భాగం చూసి బజూకాతో కొట్టాడు. ఒకటి కాదు, రెండు కాదు, 22 రాకెట్లు. ట్యాంకులు మాత్రం తమ దారిన తాము పోయాయి. ఆ బజూకా గొట్టం 60 మిల్లీమీటర్లది. 89 మిల్లీమీటర్ల పెద్దది రెండో ప్రపంచయుద్ధం చివరికే రూపుదిద్దుకున్నా, శాంతికాలంలో దాన్ని పట్టించుకున్న నాథుడు లేడు. ఓసాన్ పరాభవం తర్వాత వాటిని హడావిడిగా విమానాలకెక్కించారు.

జులై 20 ఉదయానికి టి-34లు టేజాన్ వీధుల్లో తిరుగుతున్నాయి. 24వ డివిజన్ అధిపతి మేజర్ జనరల్ విలియం డీన్‌కు తన సేనలతో సంబంధాలు తెగిపోయాయి. యాభై ఏళ్ల జనరల్ చేయగలిగింది ఏముంది? ట్యాంకుల వేటకు బయల్దేరాడు. పొద్దున ఒక సైనికుడి దగ్గరున్న ఒక్క రాకెట్టూ గురి తప్పింది. వెళ్లిపోతున్న ట్యాంకు మీద డీన్ కోపం పట్టలేక నడుముకున్న పిస్తోలు తీసి కాల్చాడు. దాన్ని వీరగాథగా చెప్పుకుంటుంటే తర్వాత ఆయనే కొట్టిపారేశాడు, అది ఉత్త ఉక్రోషమని.

సాయంత్రం అసలు ఘట్టం. పెద్ద బజూకా దొరికింది. జట్టు పెరళ్లలోంచి నక్కి నక్కి వెళ్లి ఓ మేడ ఎక్కింది. డీన్ కిటికీలోంచి మెల్లగా తొంగిచూశాడు. ట్యాంకు ఫిరంగి మూతి ఎదురుగా ఉంది, డజను అడుగులైనా లేదు. ఫిరంగిని మోసే గుండ్రని తల, అంటే టరెట్, ట్యాంకు మొండెంతో కలిసేచోటు చూపించాడు. గొట్టం పేలింది, గది దద్దరిల్లింది, గోడల గచ్చు రాలింది. ట్యాంకులోంచి అరుపులు వినిపించాయి. ఇంకోటి. మూడో దెబ్బతో అరుపులు ఆగిపోయాయి.

ఆ రాత్రి పట్టణం విడిచి వెళుతూ డీన్ దారి తప్పాడు, గాయపడినవాడికి నీళ్లు తేబోయి చీకట్లో లోయలో పడ్డాడు. 36 రోజులు కొండల్లో తిరిగి శత్రువు చేతికి చిక్కి, 1953లో విడుదలయ్యాడు. ఆయన చనిపోయాడనుకుని ఈలోగా దేశం అత్యున్నత పతకం ఇచ్చేసింది. సేనాధిపతిగా తాను చేసిన పనికి చెక్క నక్షత్రం కూడా దండగేనని ఆయన తర్వాత రాసుకున్నాడు. నాకు ఈ మనిషంటే ఇష్టం కలిగింది పతకం చూసి కాదు, ఆ మాట చూసే.

ఇక్కడిదాకా కథ తిన్నగానే నడిచింది. గొట్టం పెద్దదైతే ట్యాంకు ఓడుతుంది, అంతే. తర్వాతే చిక్కుముడి. 1961లో భుజం మీంచి పేల్చే సోవియట్ రాకెట్టు ఆర్‌పీజీ-7 వచ్చింది. 1973లో ఈజిప్టు సైనికులు దానితోనూ, తీగ తోకతో ఎగిరే సాగర్ క్షిపణులతోనూ ఇజ్రాయెల్ ట్యాంకులను నిలవరించారు. 1982కల్లా ఆ ట్యాంకులు మందు పలకలు తొడుక్కున్నాయి. వచ్చే ధారను అవి ఎదురు పేలుడుతో చెదరగొడతాయి. దానికి విరుగుడుగా జంట మందుల రాకెట్లు పుట్టాయి. 2003లో ఇరాక్‌లోని బస్రా దగ్గర బ్రిటిష్ చాలెంజర్-2 ఒకటి ఎన్నో ఆర్‌పీజీ దెబ్బలు తిని కూడా నిలిచింది. 2006లో అల్ అమారాలో ఆర్‌పీజీ-29 అదే రకం ట్యాంకును అడుగు వైపు నుంచి ఛేదించింది. మరి ఎవరు గెలిచినట్టు?

చెచెన్యా రాజధాని గ్రోజ్నీ కొంత జవాబు చెప్పింది. 1994 ఆఖరి రోజున ఆ నగరంలోకి వెళ్లిన రష్యన్ మైకోప్ బ్రిగేడు 26 ట్యాంకుల్లో 20 పోగొట్టుకుంది. చెచెన్లు ఎదురుగా నిలబడలేదు. మేడల మీంచి పైకప్పునూ, నేలమాళిగల్లోంచి పక్కలనూ కొట్టారు. ట్యాంకు ఫిరంగి అంత పైకీ లేవదు, అంత కిందికీ వంగదు. అరవై డెబ్బై టన్నుల బండికి ముందువైపు ఎంత మందం పెట్టినా, అదే మందం నాలుగువైపులా, నెత్తిమీదా పెడితే కదలదు. ముఖాముఖి పోరులో భుజం మీది రాకెట్టు ఏనాడో ఓడింది. పక్కకు చేరగలిగిన ప్రతిసారీ గెలుస్తూనే ఉంది. జావెలిన్ క్షిపణి పైకి లేచి కప్పు మీద పడేది ఈ సూత్రంతోనే. ఉక్రెయిన్‌లో టరెట్ల మీద ఇనుప పంజరాలు మొలిచిందీ ఇందుకే. ఇప్పుడు ఆర్‌పీజీ-7 తలకాయనే చిన్న డ్రోన్‌కు కట్టి పంపుతున్నారు. రాకెట్టూ లేదు, భుజమూ లేదు.

మన సంగారెడ్డి జిల్లా ఈ పందెంలో తెలివిగా రెండువైపులా కాసింది. ఎద్దుమైలారం కర్మాగారంలో సైన్యానికి కవచ వాహనాలు తయారవుతాయి. భానూరులోని భారత్ డైనమిక్స్‌లో కవచాన్ని చీల్చే క్షిపణులు తయారవుతాయి. ఎవరు గెలిచినా జిల్లాకు ఓటమి లేదు.