కొలత కుదరనిచోట: ఏటీపీ నుండి ఆర్‌ఎన్‌ఏ మడతల వరకు

శాస్త్ర చరిత్ర ఆవిష్కరణలను స్మరించినంతగా కొలత పద్ధతులను స్మరించదు. కొలత కుదరనప్పుడు దానిని దోషమని తోసివేయక, కారణం వెదకినందువల్ల కలిగిన ఫలితాలను రెండు ఉదాహరణల ద్వారా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి, రంగు గాఢతను బట్టి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. కండర సారాన్ని పరీక్షించినప్పుడు రంగు ఆలస్యంగా తేలింది. ఆ జాప్యానికి కారణం సులువుగా విచ్ఛిన్నమయ్యే ఒక భాస్వర సమ్మేళనమని తేలింది. అదే ఫాస్ఫోక్రియాటిన్ (1927). 1929లో వారు ఏటీపీని కూడా గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ స్వతంత్రంగా ఏటీపీని కనుగొన్నారు.

రెండవ ఉదాహరణ ఆర్‌ఎన్‌ఏకు సంబంధించినది. ఈ పోగు తనమీద తానే మడతపడి రూపం పొందుతుంది. మడతల స్థిరత్వాన్ని అంచనా వేయడానికి ద్రావణాన్ని వేడిచేసి, అసంఖ్యాక అణువుల సగటును కొలిచేవారు. ఆర్థర్ ఆష్కిన్ బృందం 1986లో ఒకే లేజర్ పుంజంతో సూక్ష్మకణాలను బంధించి చూపడంతో ఏకాణు పరిశోధనకు దారి ఏర్పడింది. 2001లో బర్కిలీలో లిఫార్ట్, టినోకో, బుస్టమాంటే తదితరులు ఒక ఆర్‌ఎన్‌ఏ అణువు రెండు కొనలను రెండు సూక్ష్మ పూసలకు తగిలించి లాగారు. సుమారు 14 పికోన్యూటన్ల బలం వద్ద మడత విడిపోయింది. ఆ బలాన్ని స్థిరంగా ఉంచితే అణువు విడుతూ, ముడుచుకుంటూ ఊగిసలాడింది.

వేగంగా లాగినప్పుడు మాత్రం విడిపోయే రేఖ, తిరిగి ముడుచుకునే రేఖ కలవలేదు. కొంత పని ఉష్ణంగా వ్యయమైంది. అటువంటి కొలతలనుండి సమతాస్థితి స్వేచ్ఛాశక్తిని రాబట్టలేమన్నది అప్పటి సాధారణ భావన. అయితే, లాగిన ప్రతిసారీ జరిగిన పనిని తగిన రీతిలో సగటు చేస్తే ఆ విలువ లభిస్తుందని జార్జిన్‌స్కీ 1997లో సూత్రీకరించారు. బర్కిలీ బృందం 2002లో ఆర్‌ఎన్‌ఏపైనే దానిని పరీక్షించి సమర్థించింది.

ఈ రెండు దారులు 2006లో ఒక ప్రయోగంలో కలిశాయి. హెపటైటిస్ సి వైరస్‌కు చెందిన ఎన్‌ఎస్3 ఎంజైము ఏటీపీ శక్తితో ఆర్‌ఎన్‌ఏ జంటపోగులను సుమారు 11 క్షార జంటల చొప్పున విప్పుతుందని ఆ పరికరమే చూపింది. సుబ్బారావు ఆర్‌ఎన్‌ఏను పరిశోధించారని దీని అర్థం కాదు. కానీ నల్లగొండ, మహబూబ్‌నగర్ కళాశాలల్లో ఏటీపీని, ఆర్‌ఎన్‌ఏను వేర్వేరు పాఠాలుగా బోధించే అధ్యాపకుడు ఈ చరిత్రను జోడిస్తే, ఊహించిన విలువ రాని ప్రయోగాన్ని కొట్టివేసే ముందు విద్యార్థి ఒకసారి ఆలోచిస్తాడు.