కిన్నెర బుర్ర నుంచి డీజే బేస్ దాకా

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్... ఏ ఊరి బరాత్‌కి పోయినా డీజే బండి ఉంటది. పాట చెవికి అందకముందే ఛాతీలో దడదడ మొదలవుతది. అదే బేస్. ఇది మన దగ్గరికి ఎట్లా వచ్చింది? వచ్చి దేన్ని మింగుతోంది? ఈ ఎపిసోడ్‌లో అదే చూద్దాం.

డీజే కంటే ముందు మనకి కిన్నెర ఉంది. నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్య గారి పన్నెండు మెట్ల కిన్నెర తెలుసు కదా! వెదురు బొంగు, దానిమీద మెట్లు, కింద ఎండిన సొరకాయ బుర్రలు. ఉత్త తీగ మీటితే సన్నగా పలుకుతది. బుర్రలోని గాలి కూడా ఊగితేనే ఆ గుమ్మనే నాదం. అంటే అది కరెంటు అక్కర్లేని స్పీకర్ బాక్స్! పండుగ సాయన్న, మియాసాబ్ లాంటి వీరుల కథలు పాలమూరులో దీనిమీదనే నడిచాయి.

మరి డీజే బేస్? 1950ల్లో జమైకాలోని కింగ్‌స్టన్ వీధుల్లో పెద్ద పెద్ద స్పీకర్లు పెట్టి జనం ఆడేవాళ్లు. 1980లో రోలాండ్ కంపెనీ టీఆర్-808 అనే డ్రమ్ మెషీన్ తెచ్చింది. దాని కిక్ మోతే తర్వాత హిప్‌హాప్‌కి పునాది అయింది. 1990ల చివర్లో ఫ్రూటీ లూప్స్ వచ్చింది. ఇప్పుడు మనం ఎఫ్ఎల్ స్టూడియో అంటున్నది దాన్నే. అట్లా ఆ మోత ల్యాప్‌టాప్‌లోకి, అక్కడి నుంచి మన ఊళ్లకి చేరింది.

2021లో రెండూ ఎదురుపడ్డాయి. తమన్ చేసిన 'భీమ్లా నాయక్' టైటిల్ సాంగ్‌లో మొగిలయ్య గొంతు రాష్ట్రమంతా మోగింది. 2022లో పద్మశ్రీ వచ్చింది.

ఇప్పుడు అసలు చిక్కు. కిన్నెర పాటను రీమిక్స్ చేసేటప్పుడు 50, 60 హెర్ట్జ్ దగ్గర కిక్, దాని పక్కనే బేస్ లైన్ పెడతాం. గట్టి కింది శబ్దం తన పైనున్న మెత్తటి శబ్దాన్ని కప్పేస్తది. పైగా "మిక్స్ క్లీన్‌గా ఉండాలి" అని కిన్నెర అడుగు భాగాన్ని ఫిల్టర్‌తో కోసేస్తాం. అప్పుడు తీగ మిగులుతది, బుర్ర పోతది.

కాబట్టి కోత కిన్నెరకి కాదు, బేస్‌కి పెట్టండి. బుర్ర పలికే చోట బేస్‌ని ఈక్యూతో కొంచెం తగ్గించండి. కిక్ పడ్డప్పుడు బేస్ వంగేలా సైడ్‌చెయిన్ పెట్టండి. ఫోన్ స్పీకర్ 50 హెర్ట్జ్ పలకనే పలకదు. అందుకే బేస్‌కి కొంచెం శాచురేషన్ ఇస్తే 100, 150 అంటూ పై స్వరాలు పుడతాయి. వాటిని బట్టి అడుగు స్వరాన్ని మన మెదడే ఊహించుకుంటది. వాల్యూమ్ పెంచే పనే లేదు.

ఇంకో మాట. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్ల మధ్య పగలు 55, రాత్రి 45 డెసిబెల్సే హద్దు. అయితే ఆ కొలత 'ఏ' స్కేల్‌లో ఉంటది. అది 50 హెర్ట్జ్ శబ్దాన్ని దాదాపు 30 డెసిబెల్స్ తక్కువ చేసి చూపిస్తది. మీటర్‌కి పట్టకున్నా అవ్వ పడుకున్న గది కిటికీ మాత్రం అదురుతనే ఉంటది.

రీమిక్స్ అయినంక వాల్యూమ్ బాగా తగ్గించి ఒకసారి వినండి. బుర్ర ఇంకా పలుకుతుందా? పలికితే మన పాలమూరు ఆ పాటలో ఉన్నట్టే.