జహీరాబాద్ మెట్ట సేద్యం: చిన్న కమతపు పనిపాటలు, స్త్రీల విత్తన జ్ఞానం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
తెలంగాణలోని జహీరాబాద్ ప్రాంతంలో చిన్న రైతు కుటుంబాల ఏడాది పొడవునా సాగే వ్యవసాయ పనులు కార్తెల లెక్కను అనుసరించి నడిచాయి. ఒకే చేనులో అనేక పంటలు వేసే పద్ధతి ఆ పనులకు ఆధారం. ఏ విత్తనం ఎంత వేయాలో నిర్ణయించే అధికారం ఇంట్లో విత్తనం దాచే స్త్రీ చేతిలో ఉండేది. 1980ల తర్వాత రేషన్ బియ్యం, వాణిజ్య పంటలు ఈ క్రమాన్ని ఎలా కుదించాయో, దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు దానిని ఎలా తిరిగి నిలబెట్టాయో వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: జహీరాబాద్, మెట్ట సేద్యం, చిరుధాన్యాలు, కార్తెలు, మిశ్రమ పంటలు, విత్తనం, మహిళా సంఘాలు.

1. ఉపోద్ఘాతం:
వ్యవసాయ చరిత్ర అనగానే భూమిశిస్తు, నీటిపారుదల, భూసంస్కరణలు ప్రధానంగా చర్చకు వస్తాయి. రెండు మూడెకరాల మెట్ట భూమి గల కుటుంబం ఏ నెలలో ఏ పని చేసింది, ఆ పనిని ఎవరు నిర్ణయించారు, ఎవరు చేశారు అన్న విషయాలు శిస్తు లెక్కలలో కనిపించవు. అవి పనిముట్ల పేర్లలో, సామెతలలో, పండుగలలో, గింజలు దాచే బుట్టలలో నిక్షిప్తమై ఉంటాయి. గత నాలుగు దశాబ్దాలలో ఇటువంటి జ్ఞానం విస్తృతంగా నమోదైన తెలుగు ప్రాంతాలలో జహీరాబాద్ ముఖ్యమైనది.

2. ప్రాంత నేపథ్యం:
హైదరాబాద్ నుంచి ముంబయి వెళ్లే జాతీయ రహదారిపై, కర్ణాటక సరిహద్దున జహీరాబాద్ ఉంది. 1956 వరకు ఇది హైదరాబాద్ రాష్ట్రంలోని బీదర్ జిల్లాలో తాలూకా. రాష్ట్రాల పునర్విభజన చట్టం ప్రకారం నిర్ణా సర్కిల్ మినహా జహీరాబాద్ తాలూకా, దానితోపాటు న్యాల్‌కల్ సర్కిల్, నారాయణఖేడ్ తాలూకా ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. తర్వాత మెదక్ జిల్లాలో ఉండి, 2016 అక్టోబరు నుంచి సంగారెడ్డి జిల్లాలో భాగమైంది. తెలుగు, కన్నడం, ఉర్దూ కలిసి వినిపించే ఈ నేలలో పంటల అలవాట్లు కూడా సరిహద్దుకు రెండు వైపులా ఒకే తీరున కనిపిస్తాయి.

ఇక్కడి నేలలు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి లోతు తక్కువైన ఎర్ర చెలక, రెండవది తేమను ఎక్కువ కాలం పట్టి ఉంచే నల్లరేగడి. చెలకలో వానకాలపు పంట, రేగడిలో యాసంగి పంట ప్రధానం. దళిత కుటుంబాలకు దక్కిన భూమిలో అధికభాగం సారం తక్కువైన చెలక, రాళ్ల నేల. నీటి వసతి లేని అటువంటి భూమిలో ఒక్క పంటను నమ్ముకోవడం ప్రమాదకరం. మిశ్రమ పంటల పద్ధతికి ఈ అవసరమే మూలం.

3. కార్తెల వెంట పనులు:
ఏడాదికి ఇరవై ఏడు కార్తెలు. ఒక్కొక్కటి పదమూడు, పద్నాలుగు రోజులు ఉంటుంది. సూర్యగమనాన్ని బట్టి లెక్కించే ఈ కాలమానం వానల రాకపోకలకు దగ్గరగా ఉండడం వల్ల రైతుకు నెలల కంటె కార్తెలే నమ్మకమైన గుర్తులయ్యాయి.

3.1. విత్తుకు ముందు:
రోహిణికి రోళ్లు పగులుతాయని సామెత. మే నెలాఖరు నాటి ఆ ఎండలోనే సేద్యపు సంవత్సరం మొదలవుతుంది. చేనులో మిగిలిన కొయ్యకాళ్లు ఏరడం, గట్లు సరిచేయడం, పెంటకుప్ప నుంచి ఎరువును బండ్లతో చేనుకు తోలడం ఈ కాలపు పనులు. పశువులు తక్కువగా ఉన్నవారు గొర్రెల మందను చేనులో పెట్టించుకొని, కాపరులకు ప్రతిఫలంగా గింజలు ఇచ్చేవారు. ఇంటి లోపల మరొక పని సాగుతుంది. స్త్రీలు విత్తనపు బుట్టలు విప్పి, గింజలను ఎండబెట్టి, చెరిగి, పురుగు పట్టినవి ఏరివేస్తారు. ఆ ఏడాది చేనులో ఏయే పంటలు ఉంటాయన్నది ఇక్కడే నిర్ణయమవుతుంది.

3.2. విత్తనం, కలుపు:
జూన్ 8 ప్రాంతంలో మృగశిర ప్రవేశిస్తుంది. తొలివాన పడి నేల పదునైన తర్వాత గొర్రు కడతారు. పురుషుడు ఎడ్లను తోలితే, స్త్రీ గొర్రుకు అమర్చిన జడ్డిగంలో గింజలు వదులుతుంది. ప్రధాన పంట జొన్న అయితే, కంది వంటి తోడు పంటను గొర్రు వెనుక కట్టిన వేరే గొట్టంలో వేస్తారు. పిడికిలి నుంచి గింజ జారే వేగమే మొక్కల మధ్య దూరాన్ని నిర్ణయిస్తుంది. అందువల్ల ఇది కేవలం సాయపు పని కాదు, నైపుణ్యం కావలసిన పని. జొన్న, సజ్జ, కొర్ర, సామ, తైదలు, కంది, పెసర, మినుము, అనుము, బొబ్బర, నువ్వు, పుంటి వంటివి పలు కలయికలలో ఒకే చేనులో మొలుస్తాయి. పప్పుజాతి మొక్కలు వేళ్ల బుడిపెల ద్వారా గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తాయి. బలహీనమైన చెలకకు ఇది ఖర్చు లేని ఎరువు.

ఆరుద్ర, పునర్వసు కార్తెలలో సాళ్ల మధ్య దంతె తోలడం, కలుపు తీయడం ముఖ్యమైన పనులు. కలుపు పూర్తిగా స్త్రీల పని. అయితే వారు తీసేదంతా పారవేసేది కాదు. విత్తకుండానే మొలిచే గునుగు, తుమ్మి, దొగ్గలి, జొన్నచెంచలి, సన్నవాయిలి వంటివి కూరాకులు. వానకాలం ఆరంభంలో ఇంట్లో గింజలు అడుగంటిన రోజులలో ఈ కూరలే నిరుపేద కుటుంబాన్ని ఆదుకున్నాయి. గునుగు విషయం గమనించదగినది. అది లేతగా ఉన్నప్పుడు కూర, ముదిరి పూస్తే బతుకమ్మ పువ్వు. శాస్త్రవేత్త దృష్టిలో కలుపు మొక్క అయినది ఆ ఇంటి లెక్కలో ఆహారమూ, పండుగా అయింది. కలుపు మందు వాడిన చేనులో ఇవి మొలవవు.

3.3. విడతల వారీ కోతలు:
మిశ్రమ చేనులో కోత ఒక్కసారిగా రాదు. రెండు నెలలు దాటగానే పెసర కాయ కోతకు వస్తుంది. అది మఖ, పుబ్బ కార్తెల సమయం. సెప్టెంబరులో కొర్ర, సజ్జ కోతకు వస్తాయి. చిత్త, స్వాతి కార్తెలలో పచ్చజొన్న, ఆ తర్వాత డిసెంబరు, జనవరిలో కంది చేతికి అందుతాయి. ఈ విధంగా ఆగస్టు నుంచి సంక్రాంతి వరకు ఇంటికి ఏదో ఒక పంట చేరుతూనే ఉంటుంది. ఒక పంట దెబ్బతింటే మరొకటి నిలబడుతుంది. పని కూడా అంతే. కోతలు విడివిడిగా రావడం వల్ల ఇంటి మనుషులే చాలావరకు పని నెట్టుకురాగలిగారు. కూలీల కోసం ఒక్కసారిగా డబ్బు అవసరం కాలేదు.

నల్లరేగడిలో వానలు తగ్గుముఖం పట్టిన హస్త, చిత్త కార్తెలలో తెల్లజొన్న, శనగ, కుసుమ, అవిసె, గోధుమ, ధనియాలు విత్తుతారు. నీటి తడులు, ఎరువులు లేకుండా నేలలోని తేమతో, శీతకాలపు మంచుతో పండే ఈ పంటలను ఇక్కడి స్త్రీలు ‘సత్యం పంటలు’ అంటారు. ఎవరి సాయమూ అడగకుండా మాట నిలబెట్టుకునే పంట అన్న భావం ఈ పేరులో ఉంది. సరిహద్దు కన్నడ గ్రామాలలో డిసెంబరు, జనవరి మధ్య వచ్చే ఎళ్ల అమావాస్య నాడు కుటుంబాలు చేలకు వెళ్లి నేలతల్లిని పూజించి, అక్కడే భోజనం చేసే ఆచారం ఉంది. ఎదిగిన పైరును గర్భిణిగా భావించడం దాని వెనుక ఉన్న ఊహ.

3.4. కల్లం, నిల్వ:
కోసిన పంట కల్లానికి చేరుతుంది. ఎడ్లతో తొక్కించి, గాలి వాలు చూసి తూర్పారబడతారు. చొప్ప పశువులకు మేత, కంది కట్టె పొయ్యికి, ఇంటి దడులకు ఉపయోగం. మంచి కంకులను కోతకు ముందే చూసుకొని విత్తనానికి వేరుచేయడం స్త్రీల బాధ్యత. ఆ గింజలను బూడిద, వేపాకు కలిపి, పేడ, మట్టితో అలికిన బుట్టలలో పోసి మూత బిగిస్తారు. విత్తనాన్ని అమ్మరు. అవసరమైనవారికి ఇచ్చి, పంట వచ్చాక కొంత కలిపి తిరిగి తీసుకుంటారు. కాబట్టి విత్తనపు బుట్ట ఇంటి ఆస్తి మాత్రమే కాక, ఊరి సంబంధాల పద్దు కూడా.

4. మార్పు దశ – బియ్యం, బీడు:
1983లో ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం మొదలైంది. పేదల ఆకలి తీర్చడంలో ఆ పథకం పాత్ర కాదనలేనిది. కాని జొన్నరొట్టె, గటక, కొర్రన్నం ప్రధాన ఆహారమైన మెట్ట ప్రాంతంలో దాని ప్రభావం మరో విధంగానూ పడింది. చౌక బియ్యం ఇంటికి రాగానే చిరుధాన్యాలను పండించి, దంచి, విసిరే శ్రమకు విలువ తగ్గింది. రేషన్ కొనుగోళ్లలో జొన్నకు, కొర్రకు చోటు లేదు. చెలక భూములు కొన్ని బీళ్లయ్యాయి. వసతి గల రైతులు చెరకు, పత్తి వైపు మళ్లారు. పంట ఒక్కటి కావడంతో పనుల పట్టిక కూడా కుదించుకుపోయింది. విత్తనం దుకాణం నుంచి రాసాగింది. కొనే నిర్ణయం, అప్పు తెచ్చే నిర్ణయం పురుషుడివి కావడంతో స్త్రీ తన చేనులోనే కూలిమనిషి స్థానానికి చేరింది.

5. సంఘాల పునర్నిర్మాణం:
ఇదే 1983లో పి.వి. సతీష్, ఆయన సహచరులు పస్తాపూర్ కేంద్రంగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని స్థాపించారు. గ్రామాలలో ఏర్పడిన మహిళా సంఘాలలో అధికసంఖ్యాకులు దళిత స్త్రీలు. బీడు భూములను సాగులోకి తేవడం వారి తొలి కార్యక్రమాలలో ముఖ్యమైనది. 1990ల మధ్యలో ఇది ప్రత్యామ్నాయ ప్రజా పంపిణీ వ్యవస్థగా రూపుదిద్దుకుంది. బీడును దున్నడానికి, ఎరువుకు రైతుకు అప్పు ఇచ్చి, దానిని గింజల రూపంలో తిరిగి తీసుకున్నారు. ఆ జొన్నలను ఊళ్లోనే నిల్వచేసి, కరువు నెలలలో పేద కుటుంబాలకు తక్కువ ధరకు అందించారు. ఏ ఇల్లు ఎంత పేదదో గ్రామస్థులే కూర్చొని నిర్ణయించారు.

విత్తనం విషయంలో గ్రామ విత్తన నిధులు ఏర్పడ్డాయి. ఏటా సంక్రాంతి నాడు మొదలయ్యే పాత పంటల జాతరలో అలంకరించిన ఎడ్లబండ్లపై విత్తనాలను ఊరూరా ఊరేగిస్తారు. 2008 అక్టోబరు 15న మాచనూర్‌లో సంఘం రేడియో ప్రసారాలు ప్రారంభమయ్యాయి. దళిత స్త్రీలు నిర్వహించే ఈ కేంద్రం ద్వారా కార్తెల పనులు, పాటలు, వంటలు వారి మాటలలోనే నమోదవుతున్నాయి. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టంలో ముతక ధాన్యాలకు చోటు లభించింది. 2019లో ఈ సంస్థకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ పురస్కారం దక్కింది. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా పాటించింది. అదే ఏడాది మార్చిలో సతీష్ కన్నుమూశారు.

6. పరిమితులు, ప్రశ్నలు:
ఈ జీవన విధానాన్ని కేవలం కీర్తించడం చరిత్ర రచనకు తగదు. పొద్దుగూకే వరకు కలుపు తీసి, ఇంటికి వచ్చి ఇసుర్రాయి తిప్పిన శ్రమ స్త్రీదే. కొర్ర, సామలను రోకటితో దంచడం కష్టమైన పని. చౌక బియ్యాన్ని స్త్రీలు ఆహ్వానించడంలో ఈ శ్రమ నుంచి విముక్తి పొందాలన్న కోరిక కూడా ఉంది. వేర్వేరు కాలాలలో పండే చేనులో కోత యంత్రం పనికిరాదు. చదువుకున్న యువతరం ఈ పనులను కొనసాగిస్తుందన్న హామీ లేదు. నగరంలో కొర్రలకు గిరాకీ పెరిగినా, మిశ్రమ పంటల చేనుకు బదులు ఒక్క కొర్ర చేనే పెరిగితే పాత క్రమం నిలిచినట్లు కాదు.

అంతకంటె పెద్ద ప్రశ్న భూమిది. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాలలో సుమారు 12,600 ఎకరాలలో జాతీయ పెట్టుబడులు, ఉత్పాదక మండలి ప్రతిపాదితమైంది. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పన్నెండు పారిశ్రామిక నగరాలలో జహీరాబాద్ ఒకటి. ఉపాధి అవసరం నిజమే. అయితే పరిహారం లెక్కలో ఎకరానికి ధర కట్టవచ్చు గాని, ఆ ఎకరంలో విత్తకుండా మొలిచే కూరలకు, విత్తనపు బుట్టకు ధర కట్టే పద్దు లేదు.

7. ముగింపు:
పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

● జహీరాబాద్ చిన్న కమతంలో పనుల క్రమాన్ని నిర్ణయించింది వాన ఒక్కటే కాదు. చేనులోని పంటల సంఖ్య కూడా అంతే ముఖ్యమైనది. పంటలు తగ్గినప్పుడు పనుల పట్టిక, ఆహారపు పట్టిక రెండూ కుదించుకుపోయాయి.
● విత్తనం ఎంపిక, నిల్వ స్త్రీల ఆధీనంలో ఉన్నంతకాలం సేద్యపు నిర్ణయాలలో వారికి స్థానం ఉంది. విత్తనం దుకాణానికి చేరిన తర్వాత శ్రమ మిగిలింది, అధికారం తొలగింది.
● మహిళా సంఘాలు పునరుద్ధరించింది పాత పంటలను మాత్రమే కాదు, పంటను నిర్ణయించే హక్కును కూడా.
● చిరుధాన్యాలకు లభిస్తున్న నేటి గౌరవం గింజ వద్దనే ఆగిపోతే, ఆ గింజను తరతరాలుగా కాపాడిన పని, ఆ పని చేసిన స్త్రీలు మరల చరిత్ర పుటలకు వెలుపలే ఉండిపోతారు.