పదిహేను నిమిషాల ఫ్లూ పరీక్ష, దాని వెనుక నూరేళ్ళ కథ



ఈమధ్య మా బావగారు జ్వరం, దగ్గుతో ఆసుపత్రిలో చేరారు. ముక్కులో పుల్ల పెట్టి తీసి, పదిహేను నిమిషాల్లో "ఫ్లూ లేదు" అన్నారు. మామూలు వార్డులో వేశారు. రెండు రోజులకు పి.సి.ఆర్. ఫలితం వచ్చింది. ఫ్లూ ఉంది! అప్పటికి పక్క మంచం పెద్దాయనకూ దగ్గు మొదలైంది. ఆ పుల్ల ఎందుకు తప్పిందా అని చదువుతూ పోతే ఈ చరిత్ర దొరికింది.

1918 జూన్‌లో ఆ జ్వరం బొంబాయి రేవులో దిగి, రైళ్ళెక్కి దేశమంతా పాకింది. రైల్వేలో బతికినవాణ్ణి, ఈ మాట రాయడానికి మనసొప్పదు గాని నిజం. దేశంలో కోటి మందికి పైగా పోయారు. వైద్యులకు శత్రువెవరో కూడా తెలియదు. 1892లో జర్మనీ శాస్త్రవేత్త ఫైఫర్ ఒక బాక్టీరియాను చూపి ఇదే కారణమన్నాడు. అందరూ దాన్నే వెతికారు. కొందరు రోగుల్లో దొరికింది, కొందరిలో లేదు. చివరికి 1933లో లండన్‌లో స్మిత్, ఆండ్రూస్, లెయిడ్లా అనే ముగ్గురు, రోగి గొంతు కడిగిన నీటిని ఫెరెట్ అనే ముంగిస లాంటి జంతువు ముక్కులో వేసి, కారణం వైరస్ అని తేల్చారు.

1957 మే నెలలో మన మదరాసు వంతు. సింగపూర్ నుంచి వచ్చిన ఓడలో కొత్త ఫ్లూ దిగింది. కొన్ని నెలల్లో దేశంలో 44 లక్షలకు పైగా కేసులు నమోదయ్యాయి. అప్పట్లో వైరస్‌ను కోడిగుడ్లలో పెంచి చూడాలి. లేదా రోగి రక్తం ఇప్పుడొకసారి, రెండు మూడు వారాలకు మరోసారి తీసి పోల్చాలి. జవాబు వచ్చేసరికి మనిషి ఇంటికో కాటికో చేరివుంటాడు.

1990లలో పట్టీ పరీక్షలు వచ్చాయి. వైరస్ ప్రోటీన్ తగినంత ఉంటే గీత పడుతుంది. వేగం వచ్చింది, నమ్మకం రాలేదు. 2009లో పందిజ్వరం వచ్చినప్పుడు ఈ పట్టీలు చాలామంది రోగులను వదిలేశాయి. కొన్ని పరిశీలనల్లో సగానికి పైగా! పెద్దవాళ్ళ ముక్కులో వైరస్ పిల్లలకన్నా తక్కువ ఉండడం ఒక కారణం. 2017లో అమెరికా ప్రభుత్వం ఈ పట్టీలకు నియమాలు బిగించింది. పి.సి.ఆర్. వైరస్ జన్యుపదార్థాన్ని పెంచి చూస్తుంది గనుక కొంచెమున్నా పట్టుకుంటుంది.

నాకర్థమైంది ఇది. ఫ్లూ కాలంలో పట్టీ "ఉంది" అంటే చాలావరకు నమ్మవచ్చు. "లేదు" అంటే అది వెయిటింగ్ లిస్టు టికెట్టు, ఛార్టు వచ్చేదాకా ఏదీ ఖాయం కాదు. ఫ్లూ మందు మొదటి 48 గంటల్లో ఇస్తేనే ఎక్కువ మేలు. అందుకే ఆసుపత్రిలో చేరినవారికి అనుమానం బలంగా ఉంటే, ఫలితం కోసం ఆగకుండా మందు మొదలుపెట్టమంటారు.

మన ఇళ్ళలో పెద్దలు ఆసుపత్రిలో చేరితే డాక్టరుగారిని మర్యాదగా రెండు మాటలు అడగండి: "పి.సి.ఆర్. చేస్తారా? అంతవరకు వేరుగా ఉంచుతారా?" మేము అడగలేదు. ఆ పక్క మంచం పెద్దాయన ముఖం ఇంకా కళ్ళముందే ఉంది.